ఇంటి నుంచే గేమ్ లైవ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. జీటీఏ 5, వాలరెంట్ ఆడుతూ, తెలుగులో మాట్లాడుతూ యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలనుకుంటున్నాను. మంచి కెమెరా, ఖరీదైన మైకు, రంగుల లైట్లు, స్ట్రీమింగ్ కోసమే రెండో కంప్యూటర్ కావాలనీ, లక్ష రూపాయలు చేతిలో లేనిదే ఇందులో దిగవద్దనీ స్నేహితులు అంటున్నారు. నిజంగా అంత అవసరమా?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: అవసరం లేదు. మీ ల్యాప్‌టాప్‌తోనే మొదలుపెట్టవచ్చు. ముందుగా చూసుకోవలసినవి రెండే: ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం, మీ గొంతు వినిపించే తీరు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు గాని, మాట తెగిపోతున్నా, తుపాకుల మోతలో మునిగిపోతున్నా నిమిషం కూడా ఉండడు.

ఇంటర్నెట్ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది డౌన్‌లోడ్ వేగం. లైవ్‌కు కావలసింది అప్‌లోడ్. ఫైబర్ కనెక్షన్లలో రెండూ చాలావరకు సమానంగా ఉంటాయి, మొబైల్ హాట్‌స్పాట్‌లో ఆ భరోసా ఉండదు. స్పీడ్ టెస్ట్‌ను తెల్లవారుజామున కాకుండా, మీరు లైవ్ ఇవ్వదలచుకున్న వేళకే, అంటే వీధిలో అందరూ ఓటీటీ చూస్తూ ఉండే రాత్రి తొమ్మిదింటికే కొన్ని రోజులు వరుసగా చేసి, వాటిలో అతి తక్కువగా వచ్చిన అంకెను ప్రమాణంగా తీసుకోండి. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో 720పీ స్పష్టత ఉన్న చిత్రానికి సెకనుకు 30 ఫ్రేములైతే 4 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 60 ఫ్రేములైతే 6 ఎంబీపీఎస్, అంతకంటే స్పష్టమైన 1080పీలో 60 ఫ్రేములకు 12 ఎంబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) పెట్టమని యూట్యూబ్ సూచిస్తోంది. మీ అప్‌లోడ్ వేగంలో మూడింట రెండు వంతులకు మించి లైవ్‌కు కేటాయించకండి, ఎందుకంటే ఆటకూ, ఇంట్లోవారి ఫోన్లకూ మిగతాది కావాలి. ఆ లెక్కన 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంటికి 720పీ చక్కగా సరిపోతుంది. 6 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో గంటకు సుమారు 2.7 జీబీ డేటా ఖర్చవుతుంది కనుక మీ ప్లాన్‌లో నెలవారీ పరిమితి ఉందేమో చూసుకోండి. వైఫైని నమ్ముకోకుండా రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రూటర్‌కు ఉండదు. అందువల్ల కొత్తగా ఏదైనా కొనదలచుకుంటే, నా ఉద్దేశంలో, కెమెరా కంటే ముందు రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనడం మంచిది.

సాఫ్ట్‌వేర్‌కు రూపాయి పెట్టనవసరం లేదు. ఆటను, మీ గొంతును కలిపి యూట్యూబ్‌కు పంపే ఓబీఎస్ స్టూడియో పూర్తిగా ఉచితం. దాని సెట్టింగ్స్‌లో ఎన్‌కోడర్‌గా ఎక్స్264 ఉంటే వీడియోను కుదించే పని మొత్తం ప్రాసెసర్ మీద పడి ఆట నత్తనడక నడుస్తుంది. అక్కడ ఎన్‌వెంక్ ఎంచుకుంటే, గ్రాఫిక్స్ కార్డులో ఈ పనికే ప్రత్యేకంగా ఉన్న భాగం ఆ భారాన్ని తీసుకుంటుంది. రెండో కంప్యూటర్ అక్కరలేదని నేను చెప్పడానికి కారణం ఇదే. రేట్ కంట్రోల్ సీబీఆర్‌గానూ (బిట్‌రేట్ ఎప్పుడూ ఒకేలా ఉండే పద్ధతి), కీఫ్రేమ్ (పూర్తి చిత్రాన్ని పంపే ఫ్రేము) వ్యవధి 2 సెకన్లుగానూ ఉంచండి. స్క్రీన్ మొత్తాన్ని చూపే డిస్‌ప్లే క్యాప్చర్ బదులు, ఆటను మాత్రమే పట్టుకునే గేమ్ క్యాప్చర్ వాడండి. లేకపోతే మీ వాట్సాప్ సందేశాలు, మెయిల్‌కు వచ్చే ఓటీపీలు చూసేవారందరికీ కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది: ఆట మామూలుగానే నడుస్తుంది, ఓబీఎస్‌లో మాత్రం నల్లటి తెర కనిపిస్తుంది. ఆట ఒక గ్రాఫిక్స్ చిప్ మీద, ఓబీఎస్ మరొక చిప్ మీద నడవడమే దీనికి సాధారణంగా కారణం. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో రెండింటినీ ఎన్‌విడియా కార్డుకే కేటాయించి, ఓబీఎస్‌ను మూసి తెరవండి.

గొంతు విషయానికి వస్తే, వైరున్న మామూలు హెడ్‌సెట్ మైకు మొదట్లో చాలు. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉంచితే ఊపిరి చప్పుడు పడదు. సీలింగ్ ఫ్యాను హోరు ఓబీఎస్‌లోని నాయిస్ సప్రెషన్ ఫిల్టర్‌తో చాలావరకు తగ్గుతుంది. మీరు మాట్లాడేటప్పుడు ఆడియో మీటరు పసుపు రంగు భాగంలో ఆడాలి, ఎరుపును తాకకూడదు. ఆట శబ్దం ఆకుపచ్చలోనే ఉండాలి.

యూట్యూబ్‌లో లైవ్ సౌకర్యం కోసం ఫోన్ నంబరు ధ్రువీకరించాక, మొదటిసారి 24 గంటల వరకు వేచి ఉండవలసి రావచ్చు కనుక ఆ పని ముందురోజే చేయండి. మొదటి లైవ్‌ను అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవారికే కనిపించేలా) పెట్టి ఇద్దరు స్నేహితులకు లింకు పంపి, వారి ఫోన్లలో ఎలా వినిపిస్తోందో అడగండి. ఓబీఎస్‌ను మీ చానల్‌కు కలిపే రహస్య కోడ్ అయిన స్ట్రీమ్ కీ ఎవరి కంటా పడనివ్వకండి. అది దొరికినవారు మీ చానల్‌లో తమ వీడియో ప్రసారం చేయగలరు. పొరపాటున బయటపడితే వెంటనే రీసెట్ చేయండి.

చాలాకాలం చూసేవారు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. అయినా ఆటలో మీరు ఎటు వెళుతున్నారో, ఒక తలుపు దగ్గర ఎందుకు ఆగారో పైకి చెబుతూ ఆడండి, అప్పుడే మధ్యలో వచ్చినవారికి ఆట అర్థమవుతుంది. వాలరెంట్ బాగా ఆడేవారు ఎందరో ఉన్నారు. ఓడిపోయిన రౌండ్‌ను మన గోదావరి యాసలో విడమరచి చెప్పేవారు తక్కువ.

ప్రశ్న: లైవ్‌లో వెనకాల సినిమా పాటలు పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ వ్యవస్థ లైవ్ నడుస్తుండగానే పాటను గుర్తిస్తుంది, ప్రసారం ఆగిపోవచ్చు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (ఉల్లంఘన హెచ్చరికలు) పడితే చానలే పోతుంది. జీటీఏ కార్లలో మోగే రేడియో పాటలకూ ఇదే వర్తిస్తుంది కనుక ఆట సెట్టింగ్స్‌లో సంగీతాన్ని ఆపేయండి. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని సంగీతం ఉచితంగానే దొరుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు, 15 ఏళ్లు. ఫోన్‌లో బీజీఎంఐ ఆడుతూ లైవ్ పెడతానని పట్టుబడుతున్నాడు. ఒప్పుకోమంటారా?
— ఒక తల్లి, వరంగల్

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. 2025 జూలై 22 నుంచి యూట్యూబ్‌లో సొంతంగా లైవ్ ఇవ్వడానికి 16 ఏళ్లు నిండాలి. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే చానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కూడా ఉండాలి. వయసు తప్పుగా నమోదు చేసి దారి చూసుకోవడానికి మీరు ఒప్పుకోకండి. అయితే అబ్బాయి ఉత్సాహాన్ని తుంచేయనక్కరలేదు. ఫోన్‌లోని స్క్రీన్ రికార్డర్‌తో ఆటను, తన మాటలను రికార్డు చేసుకుని, మీ దగ్గర కూర్చుని వినమనండి. బడి పేరు, వీధి పేరు, ఇంట్లో ఎవరూ లేని వేళ వంటివి మాటల్లో ఎంత తేలికగా దొర్లిపోతాయో ఆ రికార్డింగులో తనకే తెలుస్తుంది.

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ రాత్రిపూట లైవ్ ఇస్తున్నాను. నా చానల్‌కు ఇంకా ఆదాయం లేదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ యాప్ గురించి లైవ్‌లో రెండు నిమిషాలు చెబితే మంచి మొత్తం ఇస్తామని ఒకరు మెయిల్ పంపారు. అది నైపుణ్యంతో ఆడే ఆట కాబట్టి తప్పు లేదంటున్నారు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దయచేసి ఒప్పుకోకండి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను అవి నైపుణ్యానివైనా అదృష్టానివైనా ఒకేలా నిషేధిస్తోంది. వాటికి ప్రచారం చేసినవారికి 2 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇటువంటి ఆటలపై చట్టాలు తెచ్చాయి. చట్టం మాట అటుంచినా, మీ మాట మీద నమ్మకంతో డబ్బు పెట్టి పోగొట్టుకునేది మిమ్మల్ని రోజూ పలకరించే ప్రేక్షకులే.

యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్ వీక్షణల ద్వారా అర్హత పొందే మార్గం వేరుగా ఉంది. ప్రేక్షకులు లైవ్‌లో ఇచ్చే సూపర్ చాట్ వంటి వాటికి 500 మంది సబ్‌స్క్రైబర్లతోనే, మరికొన్ని షరతులపై, అర్హత వస్తుంది. ఇక ఆ మెయిల్‌లో ఒప్పందమనో, ఆట డెమో అనో ఏదైనా ఫైలు జతచేసి ఉంటే తెరవకండి. స్పాన్సర్ల పేరిట వచ్చే ఇటువంటి ఫైళ్లతో బ్రౌజర్‌లోని లాగిన్ వివరాలను దొంగిలించి చానళ్లను కాజేస్తున్నారు. పాస్‌వర్డుకు తోడు రెండంచెల ధ్రువీకరణ ఉన్నా ఈ దొంగతనాన్ని అది ఆపలేకపోవచ్చు.