గజం అంటే పొడవా, విస్తీర్ణమా? ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చింది?

గజం పొడవే. మూడడుగులు, అంటే 36 అంగుళాలు. కానీ హైదరాబాద్‌లో స్థలం గురించి మాట్లాడేటప్పుడు గజం అంటే చదరపు గజం, 9 చదరపు అడుగులు. ఆ "చదరపు" అన్న ముక్కను ప్రకటనల వాళ్లు, మధ్యవర్తులు కలిసి మింగేశారు, నాకు మండేది అక్కడే.

షాద్‌నగర్ వైపు ఒక ప్లాటు చూడ్డానికి వెళ్లాం. కాగితంలో 36 బై 50, 200 గజాలు. మా మామయ్య బట్టల కొట్లో గజం బద్దతో గుడ్డ కొలిచి పిల్లల్ని పెంచినవాడు, కొలవకుండా ఏదీ నమ్మడు. టేపు ఒక కొస నా చేతికిచ్చాడు. రోడ్డు వైపు సరిగ్గా 36 అడుగులు, లోతు 50, బానే ఉంది. వెనక హద్దురాళ్ల మధ్య మాత్రం 33. కంపచెట్లు పక్కకి నెట్టి మళ్లీ లాగినా 33. "రెండొందల గజాలే సార్, కాగితంలో ఉంది కదా" అని మధ్యవర్తి ఒకటే పాట. మామయ్య పుల్లతో మట్టిలోనే లెక్క వేశాడు: సగటు 34.5, దాన్ని 50తో గుణిస్తే 1725 చదరపు అడుగులు, అంటే 191 గజాల చిల్లర. "గజాల సంగతి తర్వాత, ముందు నాలుగు వైపులా ఎన్ని అడుగులో చెప్పు బాబూ" అన్నాడు. తగ్గిన ఎనిమిది గజాల డబ్బు కోయించాకే బయానా ఇచ్చాం.

ఇక పుట్టుక. ఏనుగుకీ దీనికీ సంబంధం లేదు, ఇది పారసీ "గజ్". అక్బర్ ఖరారు చేసిన ఇలాహీ గజ్ 41 వేళ్ల వెడల్పు, ఇప్పటి గజం కంటే పొట్టి. తర్వాత ఇంగ్లీషువాళ్ల యార్డు వచ్చి అదే పేరు మీద స్థిరపడింది. మొదటి హెన్రీ రాజు ముక్కు నుంచి చాచిన చేతి బొటనవేలి దాకా ఉన్న దూరమే యార్డు అని ఒక కథ చెప్తారు, నేను నమ్మను, రాజు కంటే ముందే బట్టల వర్తకులు అలా కొలిచి ఉంటారు. 1834లో లండన్ పార్లమెంటు భవనం తగలబడినప్పుడు వాళ్ల ప్రామాణిక యార్డు కడ్డీ కూడా పాడైంది. చివరికి 1959లో అమెరికా, బ్రిటన్ తదితర దేశాలు 0.9144 మీటరు అని తేల్చేశాయి.

మనకు మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది. బట్టల కొట్లు మారాయి, స్థలాలు మారలేదు. గుంట 121 గజాలు, సెంటు 48.4, నెల్లూరు అంకణం 8. ఇవన్నీ రోజూ వాడే జనం పిల్లలకి బడిలో ఇవి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు, గుంట అంటే 33 అడుగుల చదరం అని ఒక్కసారి గీసి చూపిస్తే చాలు కదా. ప్లాటు కొనేవాళ్లు నాలుగు వైపులతో పాటు మూల నుంచి ఎదురు మూలకు కూడా టేపు లాగండి, అది కొలవకపోతే వంకర స్థలం లెక్క తేలదు.