సెక్షన్లన్నీ వచ్చు, ప్రాబ్లమ్ ప్రశ్నకే మార్కులు రావట్లేదు

ప్రశ్న: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్లు, కేసులు కంఠతా వచ్చు. కానీ కథలా ఇచ్చే ప్రాబ్లమ్ ప్రశ్నలకు సగం మార్కులు కూడా రావట్లేదు. వాటిని వదిలేసి వ్యాస ప్రశ్నలే చదువుకోవచ్చా?

జవాబు: దయచేసి వదలకండి. రేపు మీ దగ్గరికొచ్చే క్లయింటు సెక్షన్ నంబరు చెప్పడు, జరిగింది చెబుతాడు. అందులో చట్టానికి పనికొచ్చేదేదో ఏరుకోవడమే లాయరు పని. బార్ కౌన్సిల్ పరీక్షకు నోట్స్ లేని బేర్ యాక్ట్, అంటే చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకం, తీసుకెళ్లనిస్తారు. అంటే సెక్షన్ గుర్తుండటం ఒక్కటే సరిపోదన్నమాట.

బాగా బట్టీ పట్టినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. కథ చదవగానే ఒక కేసు గుర్తొస్తుంది, దాని తీర్పునే జవాబుగా రాసేస్తారు. ఈ ప్రాబ్లమ్ చూడండి. పదిహేడేళ్ల రవి నకిలీ సర్టిఫికెట్ చూపించి తనకు ఇరవై ఏళ్లని సుబ్బారావును నమ్మించాడు. 2 లక్షలు అప్పు తీసుకుని బైక్ కొన్నాడు. ఇప్పుడు 'నేను మైనర్‌ని, కట్టను' అంటున్నాడు. సుబ్బారావుకు దారేమిటి?

'సెక్షన్ 11, మొహోరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్, 1903, ఒప్పందం చెల్లదు' అని రాసి చాలామంది ఆపేస్తారు. మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదనేది కాంట్రాక్ట్ చట్టంలోని ఈ సెక్షన్ 11. రాసింది సరైనదే, కానీ అక్కడికి మొదటి ఇష్యూ, అంటే తేల్చాల్సిన మొదటి ప్రశ్న, మాత్రమే తేలింది. ఆ కేసులో అప్పిచ్చినవాడి తరఫు మనిషికి అవతలివాడు మైనరని ముందే తెలుసు. అందుకే అన్న మాటకు కట్టుబడాలనే ఎస్టాపెల్ సూత్రం అక్కడ వర్తించదని బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది. మన సుబ్బారావు నిజంగానే మోసపోయాడు. ఈ తేడా మీరు పట్టుకుంటారో లేదో చూడాలనే ప్రశ్నలో నకిలీ సర్టిఫికెట్ పెట్టారు.

కాబట్టి రెండో ఇష్యూ: అబద్ధమాడిన రవి ఇప్పుడు మైనరునని చెప్పుకోవచ్చా? చెప్పుకోవచ్చు. చట్టమే చెల్లదన్న ఒప్పందాన్ని ఎస్టాపెల్‌తో చెల్లేలా చేయలేమన్నదే మన కోర్టుల వైఖరి. మూడోది అసలైనది: పొందిన లాభం తిరిగివ్వాలా? ఇవ్వాలని 1928లోనే ఖాన్ గుల్ కేసులో లాహోర్ హైకోర్టు అంది. ఇప్పుడైతే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 33 ఉంది. మైనరునంటూ దావాను ఎదుర్కొనే ప్రతివాది తనకు లాభం చేరినంత మేరకు తిరిగివ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. అప్పును అప్పుగా వసూలు చేసుకోలేకపోయినా బైక్ విషయంలో సుబ్బారావుకు గట్టి వాదన ఉంది. ఇంత రాస్తే చదివే ఎగ్జామినర్‌కు మీరు ఆలోచించారని తెలుస్తుంది.

ఇష్యూ, రూల్, అప్లికేషన్, కన్‌క్లూజన్ వరస మీకు క్లాసులో చెప్పే ఉంటారు. మార్కులు ఎక్కువగా అప్లికేషన్‌లోనే ఉంటాయి. ఆ పేరాలో రవి, సుబ్బారావు, బైక్ కనిపించకపోతే మీరు చట్టాన్ని అన్వయించనట్టే. ప్రశ్నలో లేని సంగతి మీరు కల్పించకండి. అవసరమైన వివరం ఇవ్వకపోతే 'ఇలా అయితే ఇది, అలా అయితే అది' అని రెండూ రాయండి.

పాత ప్రశ్నపత్రాల్లోంచి వారానికి రెండు ప్రాబ్లమ్స్ తీసుకుని, టైమ్ పెట్టుకుని రాయండి. రాశాక స్నేహితుడొకరిని అవతలి పార్టీ తరఫున వాదించమనండి. అతను లేవనెత్తిన పాయింటు మీ జవాబులో లేకపోతే చేర్చి, మళ్లీ రాయండి.