వానలకు ముందే నవధాన్యాలు ఎందుకు చల్లమంటున్నారు?

ఎండాకాలం నేల బోడిగా పడి ఉండకూడదనే ఈ కలగలుపు విత్తనాలు చల్లమంటారు. గుంటూరు కేంద్రంగా పనిచేసే ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో దీన్ని గట్టిగా ప్రోత్సహిస్తోంది.

కప్పు లేని నేలను చినుకు సూటిగా కొడితే మట్టిగడ్డ చితికి, సారమున్న పైమట్టి నీళ్లతో కాలువలోకి పోతుంది. పైరుంటే ఆ దెబ్బ ఆకుల మీద పడుతుంది, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. గుంటూరు వైపు మిర్చి కోతలయ్యాక నల్లరేగడి నెర్రెలిచ్చి ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ జనుము, పిల్లిపెసర, అలసంద, సజ్జ, నువ్వు కలిపి చల్లుతారు. పూత టైముకి పశువులకు కోసుకోవచ్చు, లేదా కలియదున్నొచ్చు. మళ్లీ మిర్చికి పొలం సిద్ధం.

వాన పడకముందే చల్లితే విత్తనం దండగ అని చాలామంది అనుకుంటారు. ఉత్త గింజలైతే నిజమే, చీమల పాలే! అందుకే బంకమట్టి, ఘనజీవామృతం (ఆవుపేడ, మూత్రంతో చేసే ఎండు ఎరువు) విత్తనాలకు పట్టించిన గుళికలు చల్లమంటారు. వాన పడి పదును (తేమ) తగిలేదాకా అవి మొలవకుండా ఆగుతాయి.