పుట్టింటి పేరుతోనే ఖాతా తెరువు

చి.ల.సౌ. చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిజాంపేటలో ఇల్లు సర్దుకోవడం అయిందని, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఫీజులన్నీ అల్లుడి నంబరుకే ఫోన్‌పే చేయిస్తున్నావని కూడా చెప్పింది, అది మాత్రం నాకు నచ్చలేదు. అల్లుడు మంచివాడే, కాదనను. కానీ నువ్వు సంపాదించింది నీ పేరున్న ఖాతాలో పడాలి. ఇద్దరి పేరు మీద జాయింటు ఖాతా తెరవమని మీ అత్తగారు అన్నారట. అదీ తెరుచుకోండి, తొందరేం లేదు. ముందు నీది తెరువు.

ఆధార్‌లో, పాన్‌లో ఇంటిపేరు మార్పించుకున్నాకే బ్యాంకుకు వెళ్లాలేమోనని ఆగావట. ఎవరు చెప్పారమ్మా నీకు? పెళ్లయింది కాబట్టి ఇంటిపేరు మార్చుకోవాల్సిందేనని ఏ చట్టంలోనూ లేదు. నీ టెన్త్ మెమో, డిగ్రీ, ఆధార్, పాన్ అన్నీ పుట్టింటి పేరుతో ఒకదానికొకటి సరిపోయి ఉన్నాయి. కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఇంతకంటే సుఖమైన కస్టమర్ ఉండదు. ఇప్పుడు ఆధార్ ఒక్కటీ మార్చావనుకో, పాన్‌తో తేడా వస్తుంది. పాన్ మార్చాలి, అది వచ్చేదాకా ఖాతా పని ఆగుతుంది. ఆపైన ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మొత్తం మీద రెండేసార్లు. పోనీ అని ఒకటి వాడేసే వస్తువు కాదది.

అత్తవారి ఇంటిపేరే కావాలని నీకే అనిపిస్తే మాట వేరు. దానికీ రిజర్వు బ్యాంకు నిబంధనల్లో దారి ఉంది. పాత పేరున్న గుర్తింపు కార్డునే ఇచ్చి, దాంతోపాటు ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, పేరు మారినట్టు గెజిట్ నోటిఫికేషన్, అంటే ప్రభుత్వ రాజపత్రంలో వచ్చిన ప్రకటన గానీ పెడితే బ్యాంకు ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేది. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖను, పెళ్లి ఆల్బమ్‌ను కౌంటర్ మీద పరిచి వాదించినవాళ్లను నా బ్యాంకు సర్వీసులో చాలామందినే చూశాను. పాపం అనిపించేది గానీ, ఫైల్లో పెట్టడానికి అవి పనికిరావు. నువ్వు పేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఆ సర్టిఫికెట్ మాత్రం తీసిపెట్టుకో.

ఇక కాగితాల సంగతి. బ్యాంకుకు కావలసింది రెండే: నువ్వు నువ్వేనా, ఎక్కడ ఉంటున్నావు. దీనికి చెల్లే కార్డులు ఆరు. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకమున్న ఉపాధి హామీ జాబ్ కార్డు, పేరూ అడ్రసూ ఉన్న జాతీయ జనాభా రిజిస్టరు లేఖ. చివరిది ఎవరి దగ్గరైనా చూద్దామన్నా కనిపించదు, రూల్లో ఉంది కాబట్టి చెప్తున్నా. వీటిలో ఒక్కటి చాలు. రేషన్ కార్డు, కాలేజీ ఐడీ ఈ లెక్కలోకి రావు. పాన్ కూడా రాదు, అది పన్ను కోసం విడిగా అడుగుతారు. పాన్ లేనివాళ్లు దాని బదులు ఒక డిక్లరేషన్ ఫారం నింపి ఇస్తారు. నీకు ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

ఆధార్ లేకపోతే ఖాతా తెరవబోమని ఎవరైనా అంటే అది తప్పు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పనిసరి కాదు. కానీ నిజం చెప్పాలంటే ఆధార్‌తో పని తొందరగా అవుతుంది, గ్యాస్ సబ్సిడీలాంటివి ఖాతాలో పడాలన్నా అదే కావాలి. నా ఓటు ఆధార్‌కే. పంతానికి పోయి ఓటరు కార్డు పట్టుకెళ్లాల్సిన అవసరం నీకు లేదు.

మనవాళ్ల దగ్గర పని చెడేది ఎక్కువగా పేరు రాసే తీరులో. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారం మీద అది చివరి గడుల్లోకి వెళ్తుంది. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క ఇనీషియల్. లక్ష్మి అన్న పేరుంటే ఒకచోట కె, ఎస్, హెచ్ ఉంటాయి, ఇంకోచోట ఎక్స్ ఉంటుంది. మనిషి చూస్తే ఒకరేనని తెలుస్తుంది, కంప్యూటర్ మాత్రం వేర్వేరు మనుషులంటుంది. అందుకని ఇంట్లోనే ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువు. పుట్టినతేదీ కూడా చూడు, ఆధార్‌లో కొందరికి సంవత్సరం ఒక్కటే ఉంటుంది. ఫారంలో ఆధార్ మీద ఎలా ఉందో అలాగే రాయి, అందం కోసం ఒక్క అక్షరం కలపకు. సంతకం పాన్ మీద చేసినట్టే చెయ్యి. పెళ్లయ్యాక కొత్త ఇంటిపేరు కలిపి సంతకం చేసే సరదా కొందరికి ఉంటుంది, తర్వాత చెక్కు తిరిగి వచ్చినప్పుడు తెలుస్తుంది.

అడ్రసు దగ్గర నీకు చిన్న చిక్కు ఉంది. కార్డు మీద నల్గొండ, ఉండేది నిజాంపేట. ఓనరు పేరు మీదున్న కరెంటు బిల్లు పట్టుకెళ్తానన్నావట, అది నీ అడ్రసుకు రుజువు కాదు. బిల్లు అంటూ ఇస్తే నీ పేరు మీద ఉండాలి, రెండు నెలలకు మించి పాతది కాకూడదు, అలా ఇచ్చినా మూడు నెలల్లోగా కొత్త అడ్రసున్న అసలు కార్డు చూపించాలి. దీనికంటే సులువైన దారి ఉంది. బ్రాంచిలో ఆధార్ ఈ-కేవైసీకి, అంటే వేలిముద్రతో నీ ఆధార్ వివరాలు కంప్యూటర్లోనే సరిచూడటానికి, ఒప్పుకో. అలా చేసినవాళ్లు ఇప్పుడుంటున్న అడ్రసు వేరైతే తామే రాసి సంతకం పెట్టిన డిక్లరేషన్ ఇవ్వొచ్చని నిబంధనలోనే ఉంది. ఫ్లాట్ నంబరుతో సహా సరిగ్గా రాయి, ఏటీఎం కార్డు పోస్టులో వచ్చేది ఆ అడ్రసుకే. వేలిముద్ర పడలేదంటే కంగారుపడకు, గిన్నెలు తోమే చేతులకు అది మామూలే. చెయ్యి కడిగి తుడుచుకుని ఇంకో వేలు పెట్టు.

అసలు ముందు చూసుకోవాల్సింది నీ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో. ఖచ్చితంగా మీ నాన్నదే అయ్యుంటుంది, చిన్నప్పుడు ఆయనే కదా తీయించింది. ఓటీపీ నల్గొండలో మోగుతుంది, ఆయనేమో ఫోన్ ఇంట్లో పెట్టి పొలానికి పోతారు. ఆధార్ సెంటర్‌కు నువ్వే వెళ్లి నంబరు మార్పించుకో, దానికి కాగితాలేమీ అడగరు, వేలిముద్ర చాలు. బ్యాంకు పని ఆ తర్వాతే.

ఫోన్లో కూర్చున్నచోటే ఓటీపీతో ఖాతా తెరుస్తామనే ప్రకటనలు నువ్వూ చూసే ఉంటావు. మోసం కాదు గానీ అది సగం ఖాతా. నిల్వ లక్ష దాటకూడదు, ఏడాదిలో జమ రెండు లక్షలు మించకూడదు, సంవత్సరంలోగా పూర్తి కేవైసీ, అంటే నువ్వెవరో ఎక్కడుంటావో పూర్తిగా రుజువు చేయడం, అవకపోతే మూసేస్తారు. ఎలాగూ వెళ్లక తప్పనప్పుడు మొదటే బ్రాంచికి వెళ్లడం మేలు.

మినిమం బ్యాలెన్స్ భయం ఉంటే బేసిక్ సేవింగ్స్ ఖాతా కావాలని పేరు పెట్టి అడుగు. వాళ్లంతట వాళ్లు చెప్పరు. దాంట్లో ఖాళీగా ఉన్నా జరిమానా లేదు, అయితే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. మీ వాచ్‌మన్ భార్య దగ్గర ఏ కార్డూ లేదన్నావు కదా, ఆమెకూ ఉపాయం ఉంది. ఫొటో ఇచ్చి, బ్యాంకు ఆఫీసరు ఎదుట సంతకం గానీ వేలిముద్ర గానీ వేస్తే స్మాల్ అకౌంట్ తెరుస్తారు. నిల్వ యాభై వేలు, నెలకు తీసేది పదివేలు, ఏడాదికి జమ లక్ష దాటకూడదు. ముందు పన్నెండు నెలలే నడుస్తుంది, ఈలోగా ఏదో ఒక కార్డుకు అప్లై చేసినట్టు చూపిస్తే ఇంకో పన్నెండు నెలలు పొడిగిస్తారు. నువ్వు వెళ్లేటప్పుడు ఆమెనూ తీసుకెళ్లు.

మేము కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పాత ఖాతాదారు ఎవరో ఒకరు పరిచయ సంతకం పెడితే తప్ప ఖాతా లేదు. ఆ సంతకం కోసం బ్యాంకు మెట్ల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లను బతిమాలుకునేవారు. ఇప్పుడు కార్డులుంటే పరిచయకర్త అక్కర్లేదు. ఎవరైనా అడిగితే మర్యాదగానే మేనేజరు దగ్గరికి వెళ్లు.

జీరాక్స్ కాపీల మీద సంతకం, తేదీ పెట్టి, ‘ఫలానా బ్యాంకు సేవింగ్స్ ఖాతా కోసం మాత్రమే’ అని అడ్డంగా రాయి. జీరాక్స్ షాపులో సరిగ్గా పడని కాపీ అక్కడే వదిలి రాకు, చింపి సంచిలో వేసుకో. ఒరిజినల్స్ చూపించి వెంటనే తీసేసుకో. నామినీ గడి ఖాళీగా వదలకు. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా రాయొచ్చు. అల్లుడి పేరు రాస్తావో, మీ అమ్మ పేరు రాస్తావో నీ ఇష్టం, నేను కల్పించుకోను.

నెల మొదటి వారం పెన్షన్ల రద్దీ, అప్పుడు పోకు. రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా రోజుల్లో పదిన్నరకల్లా వెళ్తే సాయంత్రం ట్యూషన్ టైముకు ఇంటికొస్తావు. ఫారం ముందురోజే తెచ్చుకుని ఇంట్లో నింపు, ఎక్కడైనా ఆగితే నాకు వీడియో కాల్ చెయ్యి.

మీ పెద్దమ్మ
చిక్కడపల్లి, హైదరాబాద్