వైజాగ్ గాలి మీద పీహెచ్‌డీ మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మడూ,

నీ మెయిల్ చదివాను. వైజాగ్ పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి కణాలు) మీద, గాలి కాలుష్యాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్-కెమ్‌తో పని అన్నావు, చాలా సంతోషం. మొదటి రన్ గ్రాఫ్ కూడా పంపి, మోడల్ గీతా, గాలిని నిజంగా కొలిచే మానిటర్ గీతా అన్నదమ్ముల్లా పక్కపక్కనే నడుస్తున్నాయని మురిసిపోయావు. నాకు మాత్రం అది చూడగానే అనుమానం వచ్చింది. మొదటి రన్‌కే అంత బాగా కుదిరిందంటే, లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉండొచ్చు.

ఎలాగంటావా? చలికాలం రాత్రి నేల చల్లబడితే పొగంతా నేలకు దగ్గరగా ఉన్న పలచటి పొరలోనే ఇరుక్కుంటుంది కదా. ఆ పొర నిజానికి 150 మీటర్లే ఉంటే, నీ మోడల్ 300 అనుకుందనుకో, అదే పొగ సగానికి పలచబడిపోతుంది. ఇన్వెంటరీలో, అంటే ఏది ఎంత పొగ వదులుతుందో రాసిన లెక్కలో, లారీల పొగ ఉన్నదానికంటే బాగా ఎక్కువ రాసి ఉంటే ఆ లోటు భర్తీ అయిపోయి గీత చక్కగా కలుస్తుంది. రేపు ఎవరైనా వచ్చి లారీలు తగ్గిస్తే ఎంత లాభం అని అడిగితే అప్పుడు బయటపడుతుంది, నీ జవాబు లారీల మీద ఉన్నదానికన్నా ఎక్కువ నింద వేస్తుంది. అందుకే ముందు పొర ఎత్తు చూడు. వాతావరణ శాఖ వాళ్లు వైజాగ్‌లో 00, 12 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన, పై గాలిని కొలిచే బెలూన్ ఎగరేస్తారు. అందులో తెల్లవారుజాము 5:30 ది నీకు బంగారం, ఎందుకంటే ఉష్ణోగ్రత పైకి వెళ్తూ ఎక్కడిదాకా పెరిగిందో అందులో కనిపిస్తుంది. దాని పక్కన మోడల్ ప్రొఫైల్ (ఎత్తుతో ఉష్ణోగ్రత మారే తీరు) పెట్టి చూశాకే పీఎం జోలికి వెళ్లు.

యూటీసీ అంటే గుర్తొచ్చింది. మోడల్ అవుట్‌పుట్ యూటీసీలో, మానిటర్ డేటా మన టైంలో ఉంటాయి, తేడా ఐదున్నర గంటలు. ఆ అరగంటతోనే వస్తుంది చిక్కంతా. గంట సగటులు తీసుకుంటే ఎప్పటికీ సరిగ్గా సరిపోవు, కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి 15 నిమిషాల డేటా తీసుకుని నువ్వే సగటు కట్టుకో. 24 గంటల ప్రమాణం 60 మైక్రోగ్రాములతో పోల్చేటప్పుడు కూడా రోజు అంటే మన రోజే, యూటీసీ రోజు కాదు. ఆ డేటాలోనే ఒకే అంకె గంటలకొద్దీ కదలకుండా ఉంటే గాలి అంత నిలకడగా ఉందని అనుకోకు, మెషీన్ ఇరుక్కుపోయి ఉంటుంది, తీసెయ్.

ఇక ఊరి సంగతి. ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండ, మధ్యలో హార్బర్, ఎదురుగా సముద్రం. మోడల్లో 27 కిలోమీటర్ల గడులతో గ్రిడ్ పెడితే ఈ కొండలన్నీ చదునైపోతాయి, ఒక గడిలో సగం నీళ్లే ఉంటాయి. కనీసం 3 కిలోమీటర్ల నెస్ట్ (పెద్ద గ్రిడ్ లోపల పెట్టే చిన్న గడుల గ్రిడ్) దాకా దిగు, కంప్యూటర్ సరిపోదని మీ గైడ్ గొణిగినా సరే. దిగాక పొద్దున గాలి సముద్రం వైపు నుంచి తిరగడం మోడల్లో ఎన్నింటికి, నిజంలో ఎన్నింటికి అనేది చూడు. అది రెండు గంటలు తప్పితే కెమిస్ట్రీ ఎంత గొప్పగా ఉన్నా వృథా.

ఇన్వెంటరీని తెరిచి మ్యాప్ గీసి కళ్లతో చూడు, అది నువ్వు పుట్టి పెరిగిన ఊరేనా అని. భోగి రోజు సంగతే తీసుకో. మంటల లెక్కలు చాలావరకు ఉపగ్రహాల నుంచి వస్తాయి, అవేమో ఎక్కువగా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకీ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకీ అలా వెళ్లిపోతాయి. మనవాళ్లు వీధి చివర టైర్లూ విరిగిన కుర్చీలూ కలిపి మంట వేసేది తెల్లవారుజామున నాలుగింటికి! అది ఏ ఫైల్లోనూ ఉండదు. ఆ రోజు మోడల్ తప్పితే దాన్ని తిట్టకు, ఇన్వెంటరీలో పొగ లెక్కలు పెంచి సరిచేయకు, అలా వదిలేసి ఎందుకో రాయి.

మొత్తం పీఎం ఒక్కటే చూస్తే అసలు కథ దొరకదు. అందులోని సల్ఫేటు, నైట్రేటు, అమ్మోనియం, ఆర్గానిక్స్ (కార్బన్ పదార్థాలు) విడివిడిగా పోల్చు. 2021లో ఐఐటీ మద్రాస్ బృందం మరికొందరితో కలిసి ఢిల్లీలో చూపించింది ఇదే. చెత్త, ప్లాస్టిక్ కాల్చడం వల్లా ఫ్యాక్టరీల వల్లా వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అమ్మోనియాతో కలిసి క్లోరైడ్ కణాలవుతుంది, అవి నీళ్లు పీల్చుకుని ఉబ్బి పొగమంచును చిక్కబరుస్తాయి. వైజాగ్‌లో నీకు ఇంకో తిరకాసు ఉంది, సముద్రపు ఉప్పులోనూ క్లోరైడ్ ఉంటుంది. ఉప్పు వాటా ఎంతో చెప్పే సోడియం కొలత లేకుండా చెత్త పొగ అని రాసేయకు. పైగా నైట్రిక్ ఆమ్లం తగిలితే ఉప్పులోంచి క్లోరిన్ వెళ్లిపోయి సోడియం నైట్రేట్ మిగులుతుంది, దాంతో నిష్పత్తులూ మారతాయి.

మోడల్లో ఓజోన్ కూడా వేస్తానన్నావు. వేసుకో గానీ, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గిస్తే ఓజోనూ తగ్గుతుందని ముందే తీర్మానించుకోకు. లాస్ ఏంజెలెస్‌లో ఆదివారాలు ఆ ఆక్సైడ్లు వదిలే డీజిల్ లారీలు తగ్గితే ఓజోన్ పెరిగేది. ఊరి మధ్యలో ఒకలా, ఊరి బయట ఇంకోలా రావచ్చు, రెండూ గీయి.

గంట గంటకూ త్రీడీ అవుట్‌పుట్ దాచితే డిస్క్ ఇట్టే నిండిపోతుంది, ఏవి కావాలో ముందే తేల్చుకో. ప్రతి రన్ ఫోల్డర్లోనూ దాని నేమ్‌లిస్ట్ ఫైల్ (రన్ సెట్టింగులు), ఏం మార్చావో రెండు ముక్కలు పెట్టు. ఈసారి నాకు పీఎం గ్రాఫ్ కాదు, జనవరి నెల బెలూన్ గ్రాఫులు పంపు.

మావయ్య