విడాకులయ్యాక రాత్రిళ్లు విషాద గీతాలే వింటున్నా.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. విడాకులై 8 నెలలైంది. ఐదేళ్ల బాబుతో అమ్మావాళ్లింట్లో ఉంటున్నా. రాత్రి బాబు పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విషాద గీతాలు వింటుంటే ఒంటిగంట దాటిపోతోంది. అప్పటికి బరువు దిగినట్టే ఉంటుంది కానీ, తెల్లారితే తల దిమ్ముగా ఉంటోంది. పాటలు మానేయమంటుంది అమ్మ. ఫలానా రాగం వింటే డిప్రెషన్ పోతుందంటున్నారు ఇంకొకరు. ఏం చేయను?
- ఓ సోదరి, విజయవాడ

జవాబు: మానక్కర్లేదు. ఒక పాటకు ఏడ్చి తేలికపడటం మంచిదే. చిక్కల్లా అక్కడితో ఆగకపోవడమే. ఒకటి అవగానే యాప్ అలాంటిదే ఇంకోటి అందుకుంటుంది. మూడో పాటకల్లా మీరు పాట వినరు, ‘ఆ రోజు నేనలా అనకపోయి ఉంటే’ అని పాత గొడవలు తవ్వుకుంటుంటారు. ముందు ఆటోప్లే ఆపేయండి.

అలాగని ఏడుపొస్తున్నప్పుడు హుషారు పాట పెడితే చిరాకే మిగులుతుంది. మ్యూజిక్ థెరపిస్టులు మనసు ఇప్పుడెలా ఉందో దానికి దగ్గరి పాటతో మొదలుపెట్టి, మెల్లగా పైకి తీసుకొస్తారు. మీరూ ఐదారు పాటలు, 25 నిమిషాలకు మించకుండా జాబితా రాసుకోండి. అదీ పగటిపూటే. రాత్రి ఎంచబోతే చెయ్యి మళ్లీ పాతవాటి మీదికే పోతుంది. మొదటిది మీ బాధను పలికేది, ఒక్కటే. తర్వాత మాటల్లేని వీణో వేణువో రెండు, నిమిషానికి 60-80 తాళం దెబ్బలు పడేంత నెమ్మదివి. ఆపైన కాస్త తేలికైనవి. చివరిది పెళ్లికి ముందు మీరు ఇష్టంగా పాడుకున్నది. పెళ్లి వీడియోలోవి, ఆయనతో కలిసి విన్నవి ఇందులో వద్దు. డిలీట్ చేయక్కర్లేదు, విడిగా పడేయండి.

వీణ వినిపిస్తున్నప్పుడు నోరు మూసి కూనిరాగం తీయండి. ఊపిరి వదిలే సమయం దానంతటదే పెరిగి, గుండె దడ తగ్గుతుంది. గొంతు బాగోలేదన్న బెంగెందుకు, వినేది బాబే కదా!

ఇదంతా రాత్రి 9 లోపు, కుర్చీలో కూర్చుని. మంచం మీద వద్దు. నిద్ర కోసమైతే మాటల్లేని సంగీతం, చిన్న స్పీకర్లో, 45 నిమిషాల టైమర్‌తో. ఇయర్‌ఫోన్స్‌తో నిద్రపోకండి.

విన్న పాటను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటుంటే మానుకోండి. ఆయన చూశారా లేదా అని పదిసార్లు ఫోన్ తీస్తారు, విన్న లాభం అక్కడే పోతుంది.

రాగాల సంగతంటారా, నీలాంబరిలో జోలపాటలు మనకు ఎప్పట్నుంచో ఉన్నాయి. హాయిగా ఉంటే వినండి. ఫలానా రాగం ఫలానా జబ్బుకు మందు అనడానికి మాత్రం గట్టి ఆధారాల్లేవు. శివరంజని ఒకరిని ఓదారిస్తే ఇంకొకరి గుండె పిండేస్తుంది. అందుకే వినే ముందు, విన్నాక మీ బాధకు పదికి ఎన్ని మార్కులో రాసుకోండి. విన్నాక పెరుగుతుంటే ఆ పాట మార్చండి.

రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి తగ్గడం రెండు వారాలు దాటితే పాటలతో సరిపెట్టకుండా సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రెండు వారాలూ ఆగొద్దు. ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.