ఫంక్ పాటకి టూడీ యానిమేషన్: పాట నడిచేకొద్దీ సింక్ ఎందుకు జారిపోతుంది?

మీరు అడిగింది ఇదీ: బ్యాండ్ సింగిల్ 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు), నిడివి 3 నిమిషాల 20 సెకన్లు, 24 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 24 ఫ్రేములు) టూడీ వీడియో. మొదట్లో బొమ్మలు తాళంలోనే ఉంటున్నాయి, రెండో చరణానికి వచ్చేసరికి పాట కన్నా ముందు పరిగెడుతున్నాయి. పైగా సింక్‌లో ఉన్న చోట కూడా ఆ ఊపు రావట్లేదు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

మొదటిది వట్టి లెక్క. 24 ఎఫ్‌పీఎస్‌లో నిమిషానికి 1440 ఫ్రేములు. దాన్ని బీపీఎంతో భాగిస్తే బీటుకెన్ని ఫ్రేములో తెలుస్తుంది. 100కి 14.4 వస్తుంది. మీరు 14 ఫ్రేములకి సైకిల్ (మళ్లీ మళ్లీ తిరిగే బొమ్మల వరస) కట్టి కాపీ చేసుకుంటూ పోయుంటారు. బీటుకి 0.4 చొప్పున తరిగి, 32 బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు) అయ్యేసరికి 51 ఫ్రేముల తేడా వస్తుంది, అంటే రెండు సెకన్ల పైమాటే. బీటుని వదిలేసి బార్ పట్టుకోండి. బార్‌కి 57.6 ఫ్రేములు కాబట్టి వరసగా 58, 57, 58, 57, 58 వేసుకుంటే ఐదు బార్లకి సరిగ్గా 288 అవుతుంది, మళ్లీ అదే వరస. సైకిల్ 58కి గీసి, 57 బార్లలో ఒక ఫ్రేము తీసేయండి. తీసేది హోల్డ్‌లోంచే, అంటే బొమ్మ కదలకుండా నిలిచే చోటు నుంచే తీయాలి. దెబ్బ పడే బొమ్మ దగ్గర తీస్తే కంటికి తెలిసిపోతుంది.

తర్వాతి పాట ఇంకా రికార్డ్ కాకపోతే 90 (బీటుకి 16), 96 (15), 120 (12) మనకి సుఖం. అలాగని యానిమేషన్ కోసం గ్రూవ్ మార్చమని మాత్రం అడగొద్దు. 100లో ఊగే బేస్‌లైన్ 96లో ఈడుస్తున్నట్టు ఉండొచ్చు. క్లిక్ (తాళం కొలిచే టిక్ టిక్ శబ్దం) లేకుండా వాయించిన పాటైతే ఈ లెక్కలేవీ పనికిరావు. వేవ్‌ఫామ్‌లో ప్రతి బార్ మొదటి కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దగ్గరా చేత్తో మార్కర్ పెట్టుకోవాల్సిందే.

ఆడియో ఎంపీ3లో తీసుకోకండి, దాని మొదట్లో కాస్త నిశ్శబ్దం అతుక్కుంటుంది. 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ అడగండి. మాస్టరింగ్ (పాటకి చివరి మెరుగులు దిద్దడం) అయ్యాకే గీయడం మొదలుపెట్టండి, ఎందుకంటే మాస్టరింగ్‌లో మొదటి ఖాళీని కత్తిరిస్తే మీ మార్కర్లన్నీ జరిగిపోతాయి. బేస్, కిక్, స్నేర్, హార్న్స్, గొంతు విడివిడి స్టెమ్స్‌గా (వేర్వేరు ఆడియో ఫైళ్లుగా) తీసుకుంటే సగం పని తేలిక.

ఇక ఊపు సంగతి. రాక్ వీడియోలు చూసిన అలవాటుతో అందరం స్నేర్ పడే 2, 4 మీద ఒంటిని విసిరేస్తాం. ఫంక్ బరువంతా ఒకటి మీద ఉంటుంది, ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ‘ద వన్’ అన్నది దాన్నే. నడుము, మోకాళ్లు బార్‌లోని మొదటి బీటుకి అట్టడుగుకి దిగాలి, మిగతా మూడు బీట్లలో మెల్లగా లేవాలి. 2, 4 మీద తల చిన్నగా ఊగితే చాలు. తగిలే బొమ్మని శబ్దం కన్నా ఒక ఫ్రేము ముందు పెట్టండి, పెద్ద కదలికైతే రెండు. సరిగ్గా అదే ఫ్రేములో పెడితే లేటైనట్టు కనిపిస్తుంది.

టూస్ మీద (ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉండేలా) గీస్తున్నారు కదా, ఇబ్బంది పదహారో నోట్ల (బీటులో నాలుగో వంతు) దగ్గర వస్తుంది. 100 బీపీఎంలో ఒక పదహారో నోటు 3.6 ఫ్రేములు. అంటే దెబ్బలు 0, 3.6, 7.2, 10.8 దగ్గర పడతాయి, మీ బొమ్మలేమో సరి సంఖ్యల్లోనే మారతాయి. గిటార్ చికచికలన్నీ చూపించబోతే చెయ్యి వణుకుతున్నట్టు ఉంటుంది. బార్‌కి రెండు మూడు యాక్సెంట్లు ఎంచుకుని అక్కడ మాత్రం వన్స్‌లోకి (ఫ్రేముకో బొమ్మ) వెళ్లండి, ఘోస్ట్ నోట్లు (వినీవినపడనట్టు వాయించేవి) వదిలేయండి.

బేస్ వాయించే చెయ్యి క్లోజప్‌లో ఉంటే మాత్రం తప్పు గీయొద్దు, చూసే వాళ్లలో సగం మంది వాయించేవాళ్లే. స్లాప్‌లో బొటనవేలు ఫ్రెట్‌బోర్డ్ చివర లావు తీగని కొట్టి వెంటనే వెనక్కి ఎగురుతుంది, కదిలేది మణికట్టు, మోచేయి కాదు. పాప్‌లో చూపుడు వేలు సన్న తీగ కిందికి దూరి పైకి లాగి వదులుతుంది. మణికట్టు తిరగడం 2 ఫ్రేములు, దెబ్బ 1, ఎగరడం 2. దెబ్బ పడ్డ ఫ్రేములో తీగని మసకగా వెడల్పు చేస్తే చాలా కలిసొస్తుంది. చూసి గీయడానికి రిఫరెన్స్ వీడియో ఫోన్‌తో తీస్తే దాన్ని స్థిరమైన 24కి మార్చాకే టైమ్‌లైన్‌లో వేయండి. చాలా ఫోన్లు ఫ్రేమ్‌రేట్‌ని హెచ్చుతగ్గులుగా రాస్తాయి.

తెలుగు పాటకి లిప్‌సింక్ అంటే ముఖ్యంగా పెదవులు మూసుకునే అక్షరాలే: ప, బ, మ, వాటి ఒత్తులు. ‘పంబ’లో సున్నా కూడా మూతే. ప్రతి మూతకీ కనీసం 2 ఫ్రేములు ఇవ్వండి, చోటు లేకపోతే ముందున్న అచ్చులోంచి కోసుకోండి. ట, త తేడా బయటికి కనపడదు, దాని మీద టైం పెట్టొద్దు.

స్క్రీన్ మెరుపులు చెప్పలేదు గానీ ఫంక్ అనగానే అందరూ వేస్తారు. సెకనుకి మూడు మించితే మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం. మీ టెంపోలో బీటుకొకటి అంటే సెకనుకి 1.67, పర్లేదు. అరబీటుకొకటి అంటే 3.33, దాటేసినట్టే.

ఎక్స్‌పోర్ట్‌లో ఒక ఉచ్చుంది. ప్రాజెక్ట్ 24 ఉండి ఎక్స్‌పోర్ట్ 23.976లో ఉంటే, సాఫ్ట్‌వేర్ బొమ్మని సాగదీసి ఆడియోని అలాగే ఉంచేస్తే, మొదట అంతా బాగానే ఉంటుంది. చివరికి వచ్చేసరికి 0.2 సెకను, అంటే దాదాపు 5 ఫ్రేములు, బొమ్మ వెనకబడుతుంది. అందుకే చెకింగ్ ఎప్పుడూ ఆఖరి 20 సెకన్లలో, ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ మీద చేయండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు. వాటి ఆలస్యం చూసి బాగున్న సింక్‌ని చెడగొట్టుకుంటారు.